అమ్మ గురించి రాయమంటే పొగడ్తలే వస్తున్నాయి

ప్రశ్న: మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మ పోయిన మార్గశిరంలో కాలం చేసింది. వయసు 77. పుట్టిల్లు కాకినాడ దగ్గర. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు, 1963లో పెళ్ళి చేశారు. నాన్నగారికి 84. ఊళ్ళోనే ఉంటానంటారు. మనిషిని పెట్టాం గానీ మాత్రలు వేసుకోవడం రోజూ మర్చిపోతున్నారు. సంవత్సరీకానికి అమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచుదామని డాలస్‌లో ఉన్న తమ్ముడు అన్నాడు. రాసే పని నాకు అప్పజెప్పారు. ఎంత రాసినా ‘అనురాగమూర్తి, సహనశీలి, భర్తకు తోడూనీడ, పిల్లలే లోకంగా బతికిన తల్లి, మనవల్ని కంటికి రెప్పలా చూసుకున్న అమ్మమ్మ’ ఇవే వస్తున్నాయి. మా అమ్మాయి చదివి, “ఇది ఎవరి అమ్మమ్మ గురించైనా రాయొచ్చు కదమ్మా” అంది. అప్పట్నుంచి కలం కదలడం లేదు.

ఇంకో ఇబ్బంది. పసుపు కుంకుమ కింద ఇస్తామన్న పొలం దగ్గర నాన్నగారికీ మా మేనమామలకీ మాట తేడా వచ్చింది. ఆరేళ్ళు అమ్మని పుట్టింటికి పంపలేదు. అమ్మమ్మ పోయినప్పుడు కూడా కబురు అంది వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇది ఊరందరికీ తెలుసు. చాలా ఏళ్ళ తరవాత ఒక రాత్రి అమ్మ దాని గురించి నాతో చెప్పుకుని ఏడ్చింది. 1997లో తమ్ముణ్ణి ఇంజనీరింగ్‌లో చేర్చడానికి తన గాజులు అమ్మేసింది. ఇవి రాయొద్దంటాడు తమ్ముడు. “అమ్మ గురించి మంచే ఉండాలి” అంటాడు. ఆవిడ బీరువాలో పాల లెక్కలు, కొబ్బరి దింపు లెక్కలు రాసిన పాత పుస్తకాలు, చేత్తో రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు దొరికాయి. పారేయలేక ఉంచాను. నేను రాసిన నాలుగు పేజీలూ దీంతో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

— ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: మీ అమ్మాయి మాట మిమ్మల్ని నొప్పించి ఉంటుంది. కానీ ఆ పిల్ల అడుగుతున్నది వాళ్ళ అమ్మమ్మనే. నాలుగు పేజీలూ చదివాను. అబద్ధం ఒక్కటీ లేదు. మీ అమ్మగారు అనురాగమూర్తే, సహనశీలే, సందేహం లేదు. అయితే ఆ నాలుగు పేజీల్లో ఆవిడ ఒక్కసారి కూడా పొయ్యి వెలిగించలేదు, ఎవరిమీదా విసుక్కోలేదు, పాలవాడితో లెక్క తేల్చుకోలేదు, నోరు తెరిచి ఒక్క మాటైనా మాట్లాడలేదు. అరవై ఏళ్ళు ఒక ఇంటిని నడిపిన మనిషి ఆ పేజీల్లో దండ వేసిన ఫొటోలాగా కదలకుండా ఉండిపోయింది.

ఇందులో మీ లోపం లేదు. మనిషి పోగానే చుట్టూ వినపడేవి ఆ మాటలే. పెద్దకర్మ కార్డు మీద అవే, పలకరింపుకి వచ్చినవాళ్ళ నోట అవే. దుఃఖంలో ఉన్నప్పుడు కొత్త మాట వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? ఆ పదిరోజులూ గట్టెక్కడానికి ఆ మాటలు ఆసరా అయ్యాయి. సంవత్సరీకానికని కూర్చుని రాసే పుస్తకానికి అవి చాలవు. ఆవిడ ఎంత మంచిదో చెప్పడం పక్కన పెట్టి, ఆవిడ ఏం చేసిందో రాయండి. ఏం కావాలనుకుందో తెలిస్తే అది కూడా రాయండి. మంచితనం చదివేవాళ్ళకు వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఏవేవి ఆగిపోయాయో ఒక కాగితం మీద రాసుకుంటూ రండి. నాన్నగారు మాత్రలు మర్చిపోతున్నారని మీరే రాశారు. అంటే ఇన్నేళ్ళూ ఆ మాత్రలు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఆయనకు పడలేదు. ఏ మాత్ర పరగడుపున, ఏది భోజనం అయ్యాక, ఏ తారీఖుకి అట్ట అయిపోతుంది, అమలాపురం వెళ్ళేవాళ్ళెవరు, ఎవరి చేత తెప్పించాలి, ఇదంతా ఆవిడ తలలో ఉండేది. ‘భర్తకు తోడూనీడ’ అని మీరు రాసిన చోట ఈ మాత్రల సంగతి రాయండి, చాలు. పోయిన వేసవిలో మొదటిసారి మీ ఇళ్ళకి ఆవకాయ రాలేదని రెండో పేజీ చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. అక్కడ ఆగి ఉండాల్సింది. ఎన్ని ఇళ్ళకి పెట్టేది? ఎవరి జాడీలో వెల్లుల్లి వేసేది, ఎవరికి వేసేది కాదు? అల్లుడికి కారం పడదని మీ జాడీ విడిగా కలిపేదా? కాయ ఎవరు తెచ్చేవారు, ముక్క కొట్టడానికి ఎవరు వచ్చేవారు? ఆవపిండి, కారం, ఉప్పు సోలతో కొలిచేదా, చేత్తోనే వేసేదా? మూడోనాడు తిరగ కలిపేటప్పుడు ఉప్పు చూడమని ఎవరి నోట్లో పెట్టేది? ఆ ముద్ద మీరు తినే ఉంటారు. అది రాస్తే మీ తమ్ముడు డాలస్‌లో చదువుతూ ఆ రుచి దగ్గర ఆగిపోతాడు.

ఇంటి పని గురించి రాస్తే చిన్నతనంగా ఉంటుందేమో, ఉద్యోగం చేసినవాళ్ళకైతే చెప్పుకోడానికి ఏదో ఉంటుంది అని మీ పేజీల్లో ఒక మాట ఉంది. ఆ మాట నన్ను బాధపెట్టింది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 15.98 కోట్లమంది ఆడవాళ్ళు తమ ముఖ్యమైన పని ఇంటి పనే అని చెప్పారు. అలా చెప్పిన మగవాళ్ళు 57.9 లక్షలు. ఆ పని చేసే వాళ్ళందర్నీ ఆ లెక్కల్లో పని చేయనివాళ్ళ కిందే రాసుకున్నారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి చూసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద రోజుకి సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు పెడుతున్నారని అప్పుడు తేలింది. ఆ పనులు చేస్తామన్న మగవాళ్ళే తక్కువ, వాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కనిపెట్టుకుని ఉండే సమయం ఈ లెక్కలో లేదు, అది వేరే. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో సుప్రీంకోర్టు పైన చెప్పిన జనాభా లెక్కల్నే ఎత్తిచూపి, గృహిణి చేసే పనికి విలువ కట్టి తీరాలని చెప్పింది. కోర్టు విలువ కట్టాల్సి వచ్చింది ప్రాణం పోయాక. మీ పుస్తకం కూడా ప్రాణం పోయాకే వస్తోంది. కనీసం అందులోనైనా ఆ పని పనిగా కనపడాలి.

ఇక ఆ లెక్కల పుస్తకాలు. పారేయలేక ఉంచానని రాశారు. అసలు మీ పుస్తకం అక్కడే ఉంది. మా నాయనమ్మకి రాయడం రాదు. పాల లెక్క వంటింటి గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. పండక్కి వెల్ల వేసినప్పుడల్లా గోడతో పాటు ఆ లెక్కా పోయేది. ఆవిడ చేతి రాత అంటూ మా దగ్గర ఏమీ మిగల్లేదు. మీ అమ్మగారు ఎనిమిదో తరగతి చదువుతో ఇన్నేళ్ళ లెక్కలు రాసిపెట్టి వెళ్ళారు. వాటిని ఒక పక్కన కూర్చుని ఏ తొందరా లేకుండా మొదటి పేజీ నుంచి చదవండి. ఏ ఇంటికి ఎన్ని శేర్లు పోశారు, శేర్లు ఏ ఏడు లీటర్లయ్యాయి, ఎవరి బాకీ కొట్టేశారు, ఎవరి బాకీ మీద ఏమీ రాయకుండా వదిలేశారు, చీటీ పాట ఏ నెలలో పాడారు, ఆ డబ్బు ఎక్కడికి పోయింది. లెక్కల మధ్యలో లెక్క కాని ముక్కలు కూడా ఉంటాయి. ‘పిల్లకి జ్వరం’, ‘పెద్దాడపడుచు వచ్చింది’, ‘ఆవు ఈనింది’ లాంటివి. అలాంటివి కనపడితే తేదీతో సహా విడిగా రాసుకోండి. అవి ఆవిడ తన కోసం రాసుకున్న మాటలు. వాటిని మీ వాక్యాల్లో కలపకుండా, ఆవిడ రాసినట్టే అచ్చు వేయండి.

ఒక్క సంగతి నాకు కనపడింది, చెప్తాను. మీ మూడో పేజీలో ‘తుఫానుకి మా తోట సగం పైగా పడిపోయింది’ అని ఒక వాక్యం ఉంది. గాజుల సంగతి ఉత్తరంలో వేరేగా రాశారు. ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కోనసీమ తుఫాను వచ్చింది 1996 నవంబర్ 6 రాత్రి. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. కొత్తగా మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అంటే తమ్ముడు ఇంజనీరింగ్‌లో చేరే నాటికి మీ ఇంటికి దింపు డబ్బు లేదు, ఇంకొన్నేళ్ళ దాకా వచ్చే దారీ లేదు. గాజులు అప్పుడు అమ్మారు. ఆ ఏడాది పుస్తకం తీసి చూడండి. దింపు లెక్క ఎంతకి పడిపోయిందో, పాలు ఎన్ని ఇళ్ళకి పెంచారో, అప్పు ఎక్కడ తెచ్చారో తెలుస్తుంది. మీ నాలుగు పేజీల్లో ఇదంతా ‘పిల్లల కోసం తన బంగారాన్ని త్యాగం చేసింది’ అని ఒక్క ముక్కలో తేలిపోయింది. అందులో ఒక తల్లి గాజులు తీసి ఇచ్చేసింది, అంతవరకే కనపడుతుంది. లెక్కల పుస్తకం దగ్గర పెట్టుకుని చూస్తే, తోట పోయిన ఇంట్లో కూర్చుని, అన్ని దారులూ లెక్క వేసి, ఏది అమ్మితే ఇల్లు నిలబడుతుందో తేల్చుకున్న మనిషి కనపడుతుంది. ఆవిడ తెలివి, ధైర్యం ఉన్నది అక్కడ.

త్యాగం అన్న మాటతో జాగ్రత్తగా ఉండమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ పుస్తకం మీ మనవరాళ్ళ చేతుల్లోకి వెళ్తుంది. తనకంటూ ఏమీ ఉంచుకోకపోవడమే ఆడదాని గొప్ప అని వాళ్ళు అందులో చదువుకోకూడదు. ఆ గాజులు ఎవరు చేయించినవి? పుట్టింటివా? అవి తీసేశాక చేతులకు ఏం వేసుకుంది? మళ్ళీ చేయిద్దామని ఎవరైనా అన్నారా, ఆవిడేమంది? తమ్ముడికి ఉద్యోగం వచ్చాక కొనిపెట్టాడా? ఇవి రాస్తే తల్లి చేసిన పనీ తెలుస్తుంది, దాని ఖరీదూ తెలుస్తుంది. మీ తమ్ముడు వద్దంటున్నది బహుశా ఆ ఖరీదు తన పేరున ఉన్నందుకేనేమో. ఆయనతో దెబ్బలాడకండి. ఆ భాగం ఆయన్నే రాయమనండి. గాజులు అమ్మిన రోజు తను ఎక్కడున్నాడో, తనకు ఎప్పుడు తెలిసిందో. కొడుకు రాస్తే అది చదివేవాళ్ళ మనసుకి మీరు రాసినదానికంటే ఎక్కువ తాకుతుంది.

పుట్టింటి సంగతి ఇంకా కష్టమైనది. రాయాలా వద్దా అని అడిగారు. ఊరందరికీ తెలిసినది వేరు, ఒక రాత్రి మీ ఒక్కరితో చెప్పుకున్నది వేరు. మొదటిది ఆవిడ జీవితంలో జరిగిన విషయం. అది లేకుండా రాస్తే తెలిసినవాళ్ళు చదువుతూ ఆ ఖాళీ దగ్గరే ఆగుతారు, మిగతా పుస్తకాన్ని కూడా నమ్మరు. కాబట్టి రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా వెళ్ళలేదు, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళింది. ఎవరి మీదా తీర్పు చెప్పొద్దు. కోటిపల్లి రేవు దాటితే, ద్రాక్షారామం మీదుగా బస్సులో పూట తిరక్కుండా చేరిపోయే పుట్టిల్లు అది. అంత దగ్గర ఊరికి ఆరేళ్ళు వెళ్ళలేదన్నది ఉన్నదున్నట్టు రాస్తే, దాని బరువు చదివేవాళ్ళకు తెలుస్తుంది. ఆ రాత్రి మీతో అన్న మాటలు మాత్రం పుస్తకంలో పెట్టకండి. అవి మీకు ఇచ్చింది. నలుగురిలో చెప్పుకోవాలనుకుంటే బతికుండగా చెప్పుకునే ఉండేది. మీ అమ్మాయి పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే చెప్పండి, అది మీ ఇష్టం.

ఇది అచ్చుకి వెళ్ళే ముందు నాన్నగారికి తప్పకుండా వినిపించాలి. 84 ఏళ్ళ మనిషి, భార్య పోయిన ఏడాదిలో, బంధువుల చేతుల్లో తన మీద రాసిన వాక్యం చూసి తెలుసుకోకూడదు. పొద్దున్నే కాఫీ తాగాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, “నాన్నగారూ, ఈ నాలుగు మాటలు రాశాను, వినండి” అని చదివి ఆగండి. వద్దంటే ఎందుకో అడగండి. ఆయన వైపు సంగతి ఏదైనా చెప్తే అది కూడా రాయండి. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతే రెండు రోజులు ఆగి మళ్ళీ కదపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆయన ఉన్నంతకాలం ఆ వాక్యాలు మీ దగ్గరే ఉంచండి. పోయినావిడ మీద ప్రేమతో ఉన్న మనిషిని కుంగదీయడం ఆవిడకీ ఇష్టం ఉండదు. కానీ ఆయన తరపున మీరే ముందుగా భయపడి మానేయొద్దు. చాలా ఇళ్ళల్లో ఇలాంటి విషయం ఎత్తితే పెద్దాయనే, “అది నేను చేసిన తప్పే, రాయి” అంటారు. ఆ మాట అనడానికి ఆయనకు ఒక అవకాశం ఇచ్చినట్టవుతుంది.

నాన్నగారిని ఇంకా చాలా అడగాల్సి ఉంది. ‘అమ్మ ఎలాంటిది’ అని అడగొద్దు. అలా అడిగితే “దేవత” అంటారు, అక్కడితో అయిపోతుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఇద్దరూ కలిసి ఎక్కడికి వెళ్ళారు, ఏం కొనిపెట్టారు, ఆవిడ ఆయన్ని ఏమని పిలిచేది, దేని మీద పోట్లాడుకునేవాళ్ళు, ఆవిడ మాట విని బాగుపడ్డ సందర్భం ఏది, వినక నష్టపోయింది ఏది. తుఫాను రాత్రి ఇద్దరూ ఎక్కడ తలదాచుకున్నారు, తెల్లారి తోటలోకి ముందు ఎవరు వెళ్ళారు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదప్పుడు మీ ఇంటి దాకా నీళ్ళు వచ్చాయా, గొడ్లని ఎక్కడికి తోలారు. పెద్దవాళ్ళకి తారీఖులు గుర్తుండవు గానీ వరదలు, తుఫానులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు గుర్తుంటాయి. వాటిని పట్టుకుని అడిగితే మిగతావి వాటి వెనకే వస్తాయి. ఊరికే ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట రాదు. బీరువా తెరిచి ఒక్కో చీరా తీస్తూ అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, చెప్పే చేయండి. అరగంట మించి కూర్చోబెట్టకండి.

ఇంటి బయటివాళ్ళని కూడా అడగండి. ఇది చాలామంది చేయరు. దింపుకి వచ్చే ఆయన, పనికి వచ్చే అమ్మాయి, పాలు పోయించుకున్న ఇళ్ళవాళ్ళు, కుట్టుపని చేసే ఆవిడ. వాళ్ళకి తెలిసిన మీ అమ్మగారు వేరేగా ఉంటారు. డబ్బు దగ్గర గట్టిగా ఉండేదని, నోరు కాస్త పదునని చెప్పినా చెప్తారు. ఉలిక్కిపడకండి, అది కూడా ఆవిడే. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఉంచండి, పుస్తక భాషలోకి దిద్దకండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి మాట్లాడించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకం తెచ్చారు. అందులో ఆ స్త్రీలు తమ మాటల్లో తాము చెప్పుకున్నందుకే ఇప్పటికీ చదువుతుంటే వాళ్ళ గొంతు వినపడుతుంది. మీ ఊరివాళ్ళ యాస తీసేస్తే మీ అమ్మగారు తిరిగిన వీధి కూడా దాంతోపాటు పోతుంది.

చుట్టాలు వచ్చినప్పుడల్లా “పుణ్యస్త్రీ, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు” అంటుంటే వినలేకపోతున్నానని మొదటి పేజీలో రాసి కొట్టేశారు. కొట్టేసినా కనపడింది. వాళ్ళ నమ్మకం వాళ్ళది. భాద్రపద బహుళ పక్షంలో నవమిని అవిధవా నవమి అని, భర్త ఉండగా పోయిన స్త్రీల పేరున చేసే ఆచారం మనకు ఉంది. మీ ఇంట్లో ఉంటే చేసుకోండి. ఆ మాట అన్నవాళ్ళు ఓదార్పుగానే అంటున్నారు, ఎదురు చెప్పనక్కర్లేదు. పుస్తకంలో మాత్రం దాన్ని ఆవిడ గొప్పగా రాయొద్దు. ఇద్దరిలో ముందు ఎవరు పోయారన్నది ఆవిడ చేసిన పని కాదు. పైగా ఈ పుస్తకం చదివే పిన్నమ్మలు, మేనత్తల్లో భర్తలు పోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళ మనసు కష్టపెట్టే మాట మీ అమ్మగారి పుస్తకంలో ఎందుకు?

పుస్తకంలో వంశవృక్షం వేస్తామని మీ పేజీల్లో రాశారు. మంచిదే. మామూలుగా వేసే చెట్టులో కొడుకులు, వాళ్ళ కొడుకులే ఉంటారు. కూతుళ్ళనీ, కోడళ్ళనీ, వాళ్ళ పుట్టింటి పేర్లనీ కూడా వేయండి. మీ తమ్ముడు తర్పణం వదిలేటప్పుడు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ అని మూడు తరాల స్త్రీలని పేరు, గోత్రంతో తలుచుకుంటాడు. మాతామహి వైపు కూడా అంతే. అంతకు పైతరం ఆడవాళ్ళ పేర్లు చాలా ఇళ్ళల్లో ఎవరికీ తెలియవు. ఇప్పుడు నాన్నగారినీ, మీ పెద్దమ్మనీ అడిగితే ఒకటి రెండు తరాలు పైకి దొరుకుతాయి. పెళ్ళయ్యాక అత్తింట్లో మీ అమ్మగారి పేరు మార్చారా అన్నది కూడా కనుక్కోండి. ఆ రోజుల్లో అది మామూలే. మార్చి ఉంటే పుట్టింటి పేరు మొదటి పేజీలోనే వేయండి.

అమెరికాలో ఉన్న మనవలకి తెలుగు చదవడం రాదని బెంగ పెట్టుకోకండి. వాళ్ళని తలా ఒక సంగతి చెప్పమనండి, ఏ భాషలో చెప్తే ఆ భాషలో. మామ్మ వీడియో కాల్‌లో ఫోన్ మరీ దగ్గరగా పెట్టుకుంటే నుదురు ఒక్కటే కనపడేదని చెప్పినా చాలు, అది రాయండి. వాళ్ళకు తెలిసిన మామ్మ ఆ తెరమీది మామ్మే. ఆవిడ మీ అందరి ఫోన్లకీ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి. ఎవరైనా ఫోన్ మార్చేలోపు వాటిని తీసి రెండు మూడు చోట్ల దాచండి. పుస్తకం చివర క్యూఆర్ కోడ్ వేస్తే పిల్లలు ఆ గొంతు వింటారు. హారతుల నోటుబుక్కులో పాటలు ఆవిడ పాడిన రికార్డు ఏదైనా శుభకార్యం వీడియోలో దొరకొచ్చు, వెతకండి.

ఆ పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త. లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట సెల్లోటేప్ అంటించకండి. కొన్నేళ్ళకి అవే కాగితాన్ని పాడుచేస్తాయి. పగటి వెలుతురులో ప్రతి పేజీ ఫొటో తీసి, పుస్తకాల్ని పొడి గుడ్డలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి. రెండు మూడు పేజీలు ఆవిడ దస్తూరీతో సహా మీ పుస్తకంలో వేయండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చదివేవాళ్ళలో సగం మంది ఎనభైకి దగ్గరపడ్డవాళ్ళే కదా. నలభై పేజీలు నిండాలని అందరి దగ్గరా సందేశాలు రాయించకండి. ఇరవై పేజీలైనా పరవాలేదు.

మార్గశిరానికి ఇంకా టైముంది. నాన్నగారు దగ్గరే ఉన్నారు, లెక్కల పుస్తకాలు ఎక్కడికీ పోవు. ముందు చేయాల్సిన పని కాకినాడలో మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళడం. ఆవిడకి 82 అనీ, ఈ మధ్య మాట మర్చిపోతున్నారనీ మీ పేజీల్లోనే రాశారు. మీ అమ్మగారిని చిన్నపిల్లగా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కరే. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించాలని ఎవరు నిర్ణయించారు, బడి మానేసిన రోజు చెల్లెలు ఏం చేసింది, మళ్ళీ ఎప్పుడైనా పుస్తకం పట్టుకుందా, పెళ్ళి కాకపోయి ఉంటే ఏం చదవాలనుకునేది. ఇది చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ ఆదివారమే వెళ్ళండి. మీ అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. ఆ ప్రశ్నలు తననే అడగనివ్వండి.